ఇద్దరత్తల కోడలు

సెలవులు మొదలైన రోజు పొద్దున్నే మంచం మీద రెండు సంచులు తెరిచి పెట్టుకుని, వాటి మధ్య తానూ ఒక మూటలా కూర్చుంది అమ్మడు. ఎడమవైపుది పెద్దత్తగారింటికి, కుడివైపుది చిన్నత్తగారింటికి. కిటికీ అద్దం మీద మంచు పేరుకుని వీధి కనబడటం లేదు. తొమ్మిదేళ్ళ కూతురు బుడ్డి పక్కగదిలో ఇంకా ముసుగు తీయలేదు.

అమ్మడు పనిచేసేది కళ్ళద్దాల దుకాణంలో. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. సెలవులకు ఊళ్ళకెళ్ళేవాళ్ళందరికీ ఆ వారమే కొత్త కళ్ళద్దాలు కావాలి. వారమంతా మిషను ముందు కూర్చుని కూర్చుని మెడ పట్టేసింది, కళ్ళల్లో ఇసుక పోసినట్టుంది. ఇప్పుడీ సంచులు.

ఇద్దరత్తలేమిటని కొత్తవాళ్ళు నవ్వుతారు. నవ్వాల్సిన సంగతేమీ కాదది. బుడ్డి అడుగులు నేర్చే వయసులో అమ్మడి మొదటి భర్త జబ్బుచేసి పోయాడు. ఆమెకు అమ్మానాన్నలు ముందే లేరు. అత్తమామలే గుండెలో పెట్టుకుని చూసుకున్నారు. మూడేళ్ళు గడిచాక వాళ్ళే సంబంధం వెతికి, వాళ్ళే దగ్గరుండి రెండోపెళ్ళి చేశారు. ఆ రోజు నుంచి ఆ ఇల్లే ఆమెకు పుట్టిల్లయింది. పెద్దత్తగారు పెట్టిన ముద్దుపేరే ఈ ‘అమ్మడు’ కూడా.

అప్పట్నించీ చలికాలం సెలవుల్లో సగం అక్కడ, సగం ఇక్కడ. అక్కడికి సగం రోజు రైలు ప్రయాణం. ఇక్కడంటే ఊళ్ళోనే అవతలి కొస, ఇప్పటి భర్త తల్లి, చిన్నత్తగారి దగ్గర. దూరం కాదు కష్టం. ఇద్దరు ముసలమ్మలూ బుడ్డికి చెరో స్వెట్టరు అల్లుతారు. ఎవరింట్లో ఎవరిది వేయాలో గుర్తుపెట్టుకోవాలి. అక్కడ నవ్వుకున్న కబురు ఇక్కడ చెబితే ఒక మూతి ముడుచుకుంటుంది. ఇక్కడ తిన్నది అక్కడ పొగిడితే ఇంకో ముఖం చిన్నబోతుంది. సెలవులు అయ్యేసరికి ఆమెకు మళ్ళీ పనికి పోతే చాలుననిపిస్తుంది.

లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త కాఫీ గ్లాసుతో గదిలోకొచ్చి సంచులు చూసి నవ్వాడు. “లిఫ్టుకైనా మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగిపోయే అదృష్టం ఉంది. నీకు అదీ లేదు కదా అమ్మడూ.”

“జోకులు తర్వాత. ఆ జిప్పు పట్టట్లేదు, కాస్త చూడండి.”

అప్పుడే ఫోన్ మోగింది. పెద్దమామగారు.

“అమ్మడూ, ఈసారి రావద్దులేమ్మా. గోడలకి రంగులు వేయిస్తున్నాం. ఆ వాసన బుడ్డిదానికి పడదు.”

“రంగులా? మొన్న అత్తయ్య ఏమీ అనలేదే?”

“అనుకోకుండా... పనివాళ్ళు దొరికారు.” ఆయన గొంతు సవరించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. రోడ్డు మీద తొణకడు గాని, అబద్ధమాడితే మాత్రం గొంతులో జీర వస్తుంది. “వేసవికి రండి. అందరూ బాగున్నారుగా? ఉంటా మరి.”

అమ్మడు ఫోన్ పెట్టేసింది. మొట్టమొదట ఆమె నోటివెంట వచ్చింది “అమ్మయ్య” అన్న మాట. రైలు తప్పింది, ఒక సంచి తప్పింది. మరుక్షణమే ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఎవరి గురించి అమ్మయ్య అనుకున్నాను?

“సరే, అయితే ఇవాళే అమ్మ దగ్గరికి పోదాం,” అన్నాడు భర్త. “చెప్పకుండా వెళ్తే ఎగిరి గంతేస్తుంది.”

మధ్యాహ్నానికి చిన్నత్తగారి వాకిట్లో దిగారు. తలుపు తీయగానే ఆవిడ బుడ్డిని వాటేసుకుంది. “వచ్చేశారా! పన్నెండింటికల్లా వస్తారనుకున్నా, వంట చల్లారిపోతోంది. చెప్పులు విప్పండి, రండి రండి.”

బుడ్డి లోపలికి పరిగెత్తింది. అమ్మడు మాత్రం గుమ్మంలోనే ఆగింది. తాము వస్తున్నట్టు ఈవిడకెవరు చెప్పారు? లోపలికి వెళ్ళి చూస్తే పడగ్గదిలో ముగ్గురికీ పక్కలు వేసి ఉన్నాయి. ఎండలో పెట్టి తెచ్చిన దుప్పట్ల వాసన. బుడ్డి కాళ్ళకు సరిపడే కొత్త ఉన్ని జోళ్ళు మంచం కింద.

కుర్చీలో కూర్చోకుండానే అడిగింది. “అత్తయ్యా, మేం రావాల్సింది సెలవులు సగమయ్యాక కదా. ఇవాళ వస్తామని మీకెలా తెలుసు?”

గరిటె పట్టుకున్న చిన్నత్తగారి చెయ్యి ఆగింది. కొడుకు తల్లి వైపు చూశాడు. “అమ్మా?”

“ఎలా తెలియడమేమిటి? అక్కడ వద్దంటే ఇటే వస్తారుగా. నిన్న ఫోన్ చేశాను వాళ్ళకి. అవును, నేనే చేశాను. దొంగతనమా?”

“ఏమని చేశారు?”

“ఉన్నమాటే అన్నాను.” ఆవిడ గరిటె బల్ల మీద పెట్టింది. “ప్రతి ఏడాదీ ముందు అక్కడికి. పిల్ల అక్కడ ఆడి, పాడి, చలిలో తిరిగి, జలుబు తెచ్చుకుని నా దగ్గరికొచ్చి పడుకుంటుంది. దాని నవ్వులు వాళ్ళకి, దగ్గు నాకు. వీడు పుట్టిన రెండేళ్ళకే వాళ్ళ నాన్న పోయాడు. ఒక్కణ్ణి పెంచాను. వీధంతా దీపాలు పెట్టుకుని చుట్టాలతో కళకళలాడుతుంటే, సెలవుల్లో సగం రోజులు గడియారం చూస్తూ కూర్చుంటాను. పైగా అక్కడ నా కొడుకు ఎవరు? పోయినవాడి ఫోటో కింద కూర్చుని భోంచేసే అతిథి. ఆ మాటే అన్నాను.”

అమ్మడు నోరు తెరిచేలోపే భర్త అందుకున్నాడు.

“అతిథినని నేను నీతో ఎప్పుడైనా అన్నానా అమ్మా?”

“నువ్వు అంటావా! నీకు నోరుంటేగా.”

“అయితే ఇప్పుడు విను. మొదటి ఏడాది మేం వెళ్ళేసరికి ఆ ఫోటో గోడ మీద లేదు. గోడ మీద దాని గుర్తు మాత్రం తెల్లగా కనబడుతోంది. నేను నొచ్చుకుంటానని మామయ్య తీసి బీరువాలో పెట్టేశాడు. కన్నకొడుకు ఫోటో. నేనే అడిగి తెప్పించి, గట్టి మేకు కొట్టి మళ్ళీ తగిలించాను. ఆ రోజు నుంచి ఆయన నన్ను ‘ఒరేయ్’ అని పిలుస్తాడు. ఇంకెవరూ నన్నట్లా పిలవరమ్మా. నాన్న ఎలా పిలిచేవాడో నాకు గుర్తు కూడా లేదు.”

చిన్నత్తగారు కుర్చీలో కూలబడింది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కాని అమ్మడు లోపల వారాలుగా, కాదు, ఏళ్ళుగా అణచిపెట్టుకున్నది ఒక్కసారిగా పొంగింది.

“మీ ఇద్దరికీ చెరో బాధ ఉంది, చెప్పుకున్నారు. మరి నా సంగతి?” గొంతు పెంచలేదు. పెంచే ఓపిక కూడా లేదామెకు. “స్టేషన్లో దిగే ముందు రైల్లోనే బుడ్డిదానికి ఒక స్వెట్టర్ విప్పి ఇంకోటి తొడుగుతాను అత్తయ్యా. మీరల్లింది అక్కడ కనబడకూడదు, ఆవిడ అల్లింది ఇక్కడ కనబడకూడదు. అక్కడ నవ్విన నవ్వు ఇక్కడికి రాకుండా తుడుచుకొస్తాను. నేను అలిసిపోయాను. ఎంతగా అలిసిపోయానంటే, ఇవాళ మామయ్య రావద్దు అంటే నాకు ముందు హాయిగా అనిపించింది. నన్ను కూతుర్లా సాగనంపిన మనిషి రావద్దంటే, హాయిగా! ఆ పాపం పొద్దున్నించీ మోస్తున్నాను.”

ఏడవలేదు. ఏడిస్తే నయంగా ఉండేది. గోడకు ఆనుకుని కింద కూర్చుంది. పక్కగదిలో బుడ్డి ఆటబొమ్మతో ఏదో మాట్లాడుకుంటోంది.

చిన్నత్తగారు నోరు విప్పింది. “ఆవిడ పోట్లాడుతుందనుకున్నాను. నాలుగు మాటలంటే నాలుగు అనడానికి సిద్ధమయ్యే చేశాను ఫోను. ఆవిడేమందో తెలుసా? ‘మీరన్నది నిజమే వదినగారూ. మా పిల్లని మీకిచ్చేశాం, ఇంకా పట్టుకుని వేలాడకూడదు’ అంది. అంతే. ఇంకొక్క మాట లేదు.” చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. “కొడుకును పోగొట్టుకున్న ఇల్లది. పిల్లని కూడా నేనే లాక్కున్నాను. ఆ ఫోను పెట్టినప్పట్నించీ నాకూ మెతుకు దిగట్లేదు.”

కొడుకు వెళ్ళి తల్లి పక్కన కూర్చున్నాడు.

“పొద్దుట రైలెన్నింటికిరా?” అంది ఆవిడ ఉన్నట్టుండి.

“ఎందుకు?”

“నాకూ టికెట్టు తియ్యి.”

మర్నాడు నలుగురూ పెద్దత్తగారి వీధిలో దిగేసరికి వీధి చివర పెద్దమామగారు ఎండలో నిలబడి పక్కింటాయనతో మాట్లాడుతున్నాడు. బుడ్డిని చూడగానే చేతికర్ర జారవిడిచాడు. పెద్దత్తగారు వాకిట్లోకొచ్చి, వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే చూసి, చివర చిన్నత్తగారి దగ్గర ఆగిపోయింది.

“వదినగారూ,” అంది చిన్నత్తగారు, సంచి కింద పెట్టకుండానే. “ఫోన్లో నోరు జారాను. ఎదురుగా వచ్చి చెప్పాలని వచ్చాను.”

“ఏం చెప్పాలని?”

“దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాను. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రావట్లేదు.”

పెద్దత్తగారు ఆవిడ చేతిలో సంచి అందుకుంది. “గుర్తొచ్చేదాకా ఉండండి, తొందరేముంది.”

హాల్లో ఫోటో ముందు చిన్నత్తగారు చాలాసేపు నిలబడింది. “నవ్వు అచ్చం బుడ్డిదే,” అంది చివరికి. పెద్దత్తగారు ఆ మాటకు తల ఊపబోయి, ఊపలేక, గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెనకాలే చిన్నత్తగారూ వెళ్ళింది. లోపల ఏమనుకున్నారో తెలియదు. బయటికొచ్చేసరికి ఇద్దరి ముక్కులూ ఎర్రగా ఉన్నాయి.

అంతమాత్రాన ఇద్దరూ కలిసిపోయారని కాదు. కూరలు కోసే దగ్గరే మొదలైంది. ముక్కలు పెద్దవని ఒకరు, చిన్నవైతే రుచి పోతుందని ఇంకొకరు. ఎవరికి సర్దిచెప్పాలా అని అలవాటుగా లేవబోయింది అమ్మడు. భర్త ఆమె భుజం మీద చెయ్యివేసి ఆపాడు. “నువ్వెళ్ళి పడుకో. ఇవాళ్టికి నేను చూసుకుంటాను.”

తన పాత గదిలో, తన పాత మంచం మీద వాలింది. కళ్ళు మూసుకున్నది కూడా గుర్తులేదు.

మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ వాలిపోయింది. తలుపవతల గుసగుసలు.

“లేపుతాను వదినా, పొద్దున్నించీ ఏమీ తినలేదు. ఆకలికి ఆగలేదు, తలనొప్పి వస్తుంది దానికి.” చిన్నత్తగారు.

“ఆ తలనొప్పి నిద్ర చాలక వచ్చేది. చిన్నప్పట్నించీ నాకు తెలియదా?”

“చిన్నప్పట్నించీ అంటారేమిటి, మీ ఇంటికొచ్చిందే పెళ్ళయ్యాక!”

“నాకది చిన్నప్పుడే. కోడలై వచ్చినప్పుడు ఎంతుంది, ఇంతుంది.”

“సరే, ఇంకొక్క పావుగంట. ఆ తర్వాత మాత్రం మీ మాట వినను.”

“తలుపు మెల్లిగా వెయ్యండి వదినా, కిర్రుమంటుంది.”

తనకోసం ఇద్దరు తల్లులు గుమ్మంలో దెబ్బలాడుకుంటున్నారు. సర్దిచెప్పాల్సిన పని లేదు. ఎవరి కబురు ఎవరి దగ్గరా దాచాల్సిన పని లేదు. అమ్మడి కళ్ళలోంచి నీళ్ళు జారి దిండులోకి ఇంకాయి. తాను మేలుకున్నానని వాళ్ళకు తెలియనివ్వలేదు. ఇంకాస్సేపు దెబ్బలాడుకోనీ అనుకుంటూ దుప్పటి తల మీదికి లాక్కుని, మళ్ళీ కళ్ళు మూసుకుంది.