మొగాన్ని కాదు, నన్నడుగు

"ఎవురు చెప్పినారప్పా నీకు, నేను నిన్ను ఇష్టపడతాండానని?"

నూలుకు రంగులేసే షెడ్డు గడపలో హేమావతి నిలబడింది. నడినెత్తి ఎండలో ధర్మవరం వీధులు దాటుకోని వచ్చింది. చేతిలో పట్టునూలు లేదు. ఉత్త చేతులతో ఎప్పుడూ రాదు ఆ పిల్ల.

ఉడుకు తొట్టిలో నూలు తిప్పుతాండే ఓబిలేష్ కట్టె వదిలేసినాడు. ఆమె ముక్కు, రెండు చెంపలు పండుమిరపకాయ మాదిరి ఎర్రగా అయినాయి. వాని కడుపు నిండిపోయింది. కోపంలో కూడా ఎంత సిగ్గో!

"ఎవురూ చెప్పలా హేమా. నీ మొగమే చెప్పింది."

"నా మొగమా?"

"నూలు తెచ్చిన ప్రతిసారీ ఎర్రబడతావు. నాతో నాలుగు మాటలు మాట్లాడేసరికి ఇంకింత."

"ఆ నాలుగు మాటలు యాడ నిలబడి మాట్లాడతాండానో చూసినావా?"

ఓబిలేష్ పక్కకు చూసినాడు. తొట్టిలోనుంచి ఆవిరి బుసబుసా లేస్తాంది.

"అది సిగ్గు కాదు. చర్మం జబ్బు. రోజేసియా అంటారంట, అనంతపురంలో స్కిన్ డాక్టరమ్మ చెప్పింది. ఎండ తగిలినా, ఆవిరి కొట్టినా, వేడి టీ తాగినా, కారం తిన్యా, కోపమొచ్చినా మొగమంతా మంట. ఒకరినుంచి ఒకరికి అంటదు. పూర్తిగా పోదు కూడా. క్రీము పూసుకోని, పడనిదానికి దూరంగా ఉండాల."

"నాకు చెప్పలేదే?"

"ఎంతమందికని చెప్పాల? కాలేజీలో టమోటా అన్యారు. పోయినేడు నన్ను చూసేకి వచ్చినామె తడిగుడ్డతో నా చెంప తుడిచింది, రంగు పూసుకున్యానేమోనని. నువ్వేమో ఏకంగా పెండ్లే కుదిర్చినావు!"

నిజమే. ఓబిలేష్ మాట నమ్మి వాళ్లమ్మ తిప్పమ్మ పూలూ పండ్లూ తీసుకోని హేమావతి వాళ్లింటికి పోయింది. "ఇద్దరూ ఇష్టపడినారన్నా" అనింది. హేమావతి నాయన శ్రీరంగప్ప మగ్గం గుంతలోనుంచి లేవకుండానే తల ఊపినాడు. కూతుర్ని ఒక్క మాట అడగలా. ఎల్లుండే తాంబూలాలు.

"నా పెండ్లికి నా చెంపలు సాక్ష్యం చెప్పినాయంట." హేమావతి ఆవిరికి ఎడంగా ఒక అడుగు వెనక్కి వేసింది. "నన్నెవురూ అడగలా."

మూలన నూలు పిండుతాండే ఓబిలేష్ చిన్నాయన సుబ్బన్న తలెత్తినాడు. "తడి నూలు చూసి రంగు తేల్చొద్దని నీకెన్నిసార్లు చెప్పినా? నీడలో ఆరినాకనే చూడాలని! ఆవిరిలో చూసి మాటిచ్చేసి వచ్చినాడు, పెద్ద రంగులోడు!"

మరి నేనంటే ఇష్టం లేదా అని ఓబిలేష్‌కు నోటిదాకా వచ్చింది. మింగినాడు. అంగీ తగిలించుకోని నేరుగా శ్రీరంగప్ప ఇంటికి పోయినాడు.

"మామా, హేమ నాకేమీ చెప్పలా. నేనే ఊహించుకోని అమ్మను పంపినా. తాంబూలాలు వద్దు."

"ఏమప్పా, ఆటలాడతాండావా? వీధంతా తెలిసిపాయె! మా పరువేం గావాల?"

"తప్పు నాది మామా. అడిగినోళ్లకంతా నేనే చెప్తా."

శ్రీరంగప్ప తిట్టినన్ని తిట్లూ తల వంచుకోని పడినాడు. వెనకాలే వచ్చిన హేమావతి వాకిట్లో నిలబడి అన్నీ వినింది.

తాంబూలాలు ఆగిపోయినాయి. ఆ తర్వాత ఆమె నూలు తెస్తే ఓబిలేష్ షెడ్డులోకి రానియ్యలా. తనే బయట వేపచెట్టు నీడకు వచ్చి తీసుకుంటాండె. ముందు కుండ నీళ్లు ఇస్తాడు. టీ అయితే ఆరబెట్టి ఇస్తాడు. రంగు ఎంత ముదురు, ఎంత లేత అనే మాట తప్ప వేరే మాట లేదు. చూపు మాత్రం నేలమీదే.

ఒక పొద్దు మబ్బు పట్టింది. ఏటి పక్కనుంచి తడిగాలి కొడతాంది. హేమావతి నూలు ఇచ్చి కదల్లేదు.

"నా మొగం అంత బాగలేదా, నేల చూస్తావు?"

"చూస్తే మళ్లీ ఏదో ఒకటి అనుకుంటానని భయం."

"నిజంగా సిగ్గుపడినా ఎర్రబడేది ఇట్లనే. ఒక్కోసారి ఏది ఏదో నాకే తెలీదు. నీకేం తెలుస్తుంది? అనుకోవద్దు, అడుగు. మొగాన్ని కాదు, నన్ను."

నాలుగు చినుకులు రాలినాయి. ఓబిలేష్ చేతిలో నూలు తడుస్తాంది. వానికి ఆ ధ్యాస లేదు.

"నన్ను చేసుకుంటావా హేమా?" నేలనే చూస్తా అడిగినాడు.

"చేసుకుంటా."

"ఆఁ?"

"చేసుకుంటానప్పా! టీ ఆరబెట్టి ఇచ్చే మొగోడు ఈ ఊర్లో ఇంకొకడు యాడ దొరుకుతాడు?"

అప్పుడు తలెత్తినాడు. ఆ చల్లగాలికి ఆమె చెంపలు నెమ్మదిగా ఉండాయి. ఎరుపు పిసరంత లేదు. నవ్వు మాత్రం కండ్లనిండా ఉంది.

"ఏమప్పా, నీ చెవులు అట్ల ఎర్రబడినాయి? ఎండ కూడా లేదే!"

"ఇది మాత్రం సిగ్గే," అన్నాడు ఓబిలేష్.

హేమావతి పైట నెత్తిన కప్పుకోని వానలోకి అడుగేసింది.

"నడువు. మా నాయనకు ఈసారి నేను చెప్తా."