మూడు ట్యూబుల్లో ఒకే ఎరుపు

పొద్దున ఏడింటికి తేటగా ఉన్న ద్రవం ల్యాబుకు చేరేసరికి ఎర్రబడింది.

1962 ఆగస్టు. వరంగల్‌లో ఒక మిషన్ దవాఖాన. మెదడు జ్వరాల మీద పరిశోధన చేస్తున్న డాక్టర్ లిదియా, స్పృహలేని పిల్లవాడు రాయమల్లు వెన్నులోంచి మూడు ట్యూబుల్లో ద్రవం తీసింది. ఇప్పుడు మూడింట్లోనూ నెత్తురు.

"మెదడులో నరం తెగింది. మందు లేదు. ఇంటికి తీసుకుపొమ్మను," అన్నాడు సూపరింటెండెంట్ జ్ఞానప్రకాశం.

రాయమల్లు తల్లి భద్రమ్మ కూలబడింది. సూది దించినప్పుడే అనుకుంది, ఇట్లాంటిదేదో అవుతుందని. పక్క మంచం మీద చిలుకమ్మ కొడుకు లేచి కూర్చుని రొట్టె నములుతున్నాడు. వాడు వచ్చిందీ మెదడు జ్వరంతోనే. ఆ నమిలే నోరు చూస్తే భద్రమ్మకు కన్ను కుట్టింది.

"తీసినప్పుడు నెత్తురు లేదు!" లిదియా పట్టుబట్టి పోలీసు ఇన్‌స్పెక్టర్ కిషన్ రావును పిలిపించింది.

ఆయన ముందు ల్యాబుకు వెళ్లాడు. తర్వాత వార్డుకు వచ్చి అందరినీ నిలబెట్టాడు.

"ట్యూబులు ఎవరు తీసుకపోయిండ్రు?"

"నేనే," అంది నర్సు సుశీల.

"నడుమ ఆగినవా?"

"లేదు సార్."

"ఆగింది సారూ, పరదా ఎనుక," భద్రమ్మ నోరు జారింది.

"ఆమెనే ఎందుకు చూసినవమ్మా?"

భద్రమ్మ తల దించుకుంది. "డాక్టరమ్మను ఆమె చూసే చూపు నాకెరుకే. నేను చిలుకమ్మను గట్లనే చూస్తున్న."

"ఓయమ్మో! గందుకేనా మావోడు రాత్రి కక్కింది?" చిలుకమ్మ కొడుకుకు కొంగు అడ్డం పెట్టింది.

కిషన్ రావు నవ్వలేదు.

"ల్యాబుల అడిగి తెలుసుకున్న. సూది నరానికి తగిలితే మొదటి ట్యూబు ఎర్రగుంటది, మూడోది తేటవడతది. మెదడుల నెత్తురు కారితే మూడూ ఒక్కతీరు. కానీ పిల్లగాడు స్పృహ తప్పినప్పుడే కారి, గంటలు గడిచిన నెత్తురైతే, మెషీన్ల తిప్పినంక పైన నీళ్లు పసుప్పచ్చగ తేలాలె. ఇప్పుడే తిప్పించిన. తేటగున్నయ్. అంటే నెత్తురు తర్వాత కలిసింది." సుశీల వైపు తిరిగాడు. "పొద్దున చిలుకమ్మ కొడుకు నెత్తురు పరీక్షకు తీసినవ్, ల్యాబు రిజిస్టర్ల ఉంది. సిరంజిల మిగిలింది మూడింట్ల సమానంగ పోసినవ్. రోజూ మందులు పంచే చెయ్యి గదా."

సుశీల లిదియా వైపు వేలు చూపింది.

"ఒక్క బోర్డింగ్‌ల పెరిగినం సార్. లెక్కల్ల నేనే ఫస్టు. స్కాలర్‌షిప్ దానికిచ్చిండ్రు. ఇప్పుడు ట్రే పట్టుకొని దాని ఎనుక నిలవడాలె. సూది దించంగ దాని చెయ్యి వణుకుతదని పేరొస్తే చాలనుకున్న. పిల్లగాన్ని ఇంటికి పంపుతరని… దేవుని తోడు, నాకు తెల్వది."

"మొదటి ట్యూబు ఒక్కదాంట్లనే పోసుంటే, సూది తగిలిందని నేనూ నమ్మేటోన్ని," అన్నాడు కిషన్ రావు.

లిదియా సుశీలను చూడలేదు, ల్యాబు చీటీ చదివింది. "ఆ తేట నీళ్లలో చక్కెర చాలా తక్కువ. ఇది మెదడుకు పట్టిన క్షయ. మందుంది," అంటూ స్ట్రెప్టోమైసిన్ సిరంజిలోకి ఎక్కించింది.

సూది దిగగానే, అప్పటిదాకా కదలని రాయమల్లు కెవ్వుమన్నాడు.

చిలుకమ్మ కొడుకు ఉలిక్కిపడి రొట్టె జారవిడిచాడు. భద్రమ్మ అటు చూడనైనా లేదు.

"ఏడ్వు నాయినా," అంది, వాడి కాళ్లు గట్టిగా పట్టుకుని. "ఇంకింత గట్టిగ ఏడ్వు."