పవమాన్ పేపరుకు పడిన సున్నా

అమృత నోట ఉదయ్ పేరు మళ్ళీ వినిపించేసరికి పవమాన్‌కు చేతిలోని టీ చేదెక్కింది.

ముగ్గురూ ఆదోనిలో ఒకే ఇంజినీరింగ్ కాలేజీ. పవమాన్, ఉదయ్ పాఠాలు చెబుతారు. అమృత ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చి లైబ్రరీ చూసుకుంటుంది, పక్కన పీహెచ్‌డీ కూడా చేస్తోంది. ఇంటర్నెట్‌కు కలిపిన పరికరాల మీద ఒక జర్నల్ వస్తుంది. అందులోని పేపర్లను తర్వాతివాళ్ళు ఎంతమంది తమ రాతల్లో ప్రస్తావించారో లెక్క తీయడం ఆ పీహెచ్‌డీలో ఆమె పని. అలా ఒక్కో ప్రస్తావన ఒక్కో సైటేషన్. ఎన్ని సైటేషన్లుంటే ఆ పేపరుకు అంత విలువ.

ఆ జర్నల్లో పవమాన్‌దీ ఒక పేపరుంది. మగ్గానికి సెన్సార్ బిగించి, పోగు తెగితే ఫోన్ మోగేలా చేశాడు. ఉదయ్‌ది పత్తి బేళ్ళలో తేమ గురించి. ఆ తేమను అమృత తెగ మెచ్చుకుంటోంది. పైగా నిన్న ఆ పేపరు సంగతులు చెప్పడానికి ఉదయ్ ఎమ్మిగనూరులో వాళ్ళింటికే వెళ్ళి, వాళ్ళమ్మ చేతి బొరుగుల ఉగ్గాని తిని వచ్చాడట. పవమాన్‌ను ఇంతవరకూ ఆ ఇంటికి ఎవరూ పిలవలేదు.

ఇది అసూయ అంటే మన పవమాన్ ఒప్పుకోడు. కడుపులో మంట అంటాడు, నేరం క్యాంటీన్ బజ్జీల మీదికి నెడతాడు.

మధ్యాహ్నం సెమినార్ హాల్లో అమృత తన లెక్కను తెర మీద చూపించింది. అందరికన్నా పైన ఉదయ్. అందరికన్నా కింద పవమాన్, పక్కన సున్నా. తనకు మూడు సైటేషన్లున్నాయని పవమాన్‌కు బాగా తెలుసు, రోజూ చూసుకుంటాడు మరి. ఉదయ్ ఓదార్పుగా భుజం తట్టాడు. సున్నా కంటే ఆ తట్టడమే ఎక్కువ మండింది.

సాయంత్రం బస్టాండులో చినుకులు పడుతుంటే అమృతను నిలదీశాడు.

"నా మూడూ యాడికి పోయినాయి?"

తన పేపరును తనే ప్రస్తావించుకుంటే అది లెక్కలోకి రాదని అమృత నెమ్మదిగా చెప్పింది. ఒకటి అలా పోయింది. రెండోది ఆ పేపరును అతనితో కలిసి రాసిన గైడ్‌ది, సొంత మనిషి మెచ్చుకోలు కాబట్టి అదీ పోయింది. ఈ నియమం పవమాన్‌కు తెలిసిందే. కానీ మూడోది అమృతదే. పోయినేడాది ఆమె రాసిన వ్యాసంలో అతని మగ్గం మీద ఒక్క వాక్యం ఉంది. అది అతనికి నిద్రలో కూడా వస్తుంది.

"నువ్వు రాసిందాన్ని ఏంటికి తీసేసినావు? ఉదయ్ ముందర నా పరువు పోవాలనా?"

"సొంతోళ్ళవి తీసేయాల గదా సార్."

"నువ్వు నాకు సొంతమెట్లయితావు?"

అమృత తడిసిన కొంగు పిండుకుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆమె నోట 'సార్' లేదు.

"లెక్క వేసేటప్పుడు నాకు అట్లే అనిపించింది. ఉంచితే తప్పు లెక్క అయితాదని తీసేసినా. కాదంటే సెప్పు, రేపే కలిపేస్తా. నీకు ఒకటి వస్తాది."

పవమాన్ తల అడ్డంగా ఊపాడు.

"వద్దు. సున్నానే ఉండనీ."

ఎమ్మిగనూరు బస్సు వచ్చింది. కండక్టర్ రెండుసార్లు కేకేసి, ఎవరూ ఎక్కకపోయేసరికి రైట్ చెప్పాడు.