ఎర్రన్న అంకె

2079 నాటికి వార్డు మీటింగుల్లో కేకలు లేవు. మైకు కోసం పెనుగులాటలూ, కుర్చీలు విసురుకోవడాలూ తాతల కాలం ముచ్చట్లు. పంపుహౌసో, ఫ్లైఓవరో ఎవరి ఇంటి మీద పడాలన్నది ఇప్పుడు వ్యథామాపకం అనే యంత్రం తేలుస్తుంది. దానికి అరచెయ్యి ఆనించి, మన ఇల్లు పోయిందని తలుచుకుంటే చాలు. నరాల్లో పుట్టిన బాధ నూటికి ఎంతో చెబుతుంది. నటిస్తే పట్టేస్తుంది. అంకె తక్కువ వచ్చినవాళ్ల ఇల్లు పోతుంది.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ సుభాషిణి ఆ రోజు ఉప్పుటేరు కాలనీ మీటింగుకు స్వయంగా వచ్చింది. చిన్నప్పుడు ఇలాంటి మీటింగులోనే ఆవిడ తల్లి నోరు మెదపలేక ఇల్లు పోగొట్టుకుంది. నోరులేనివాళ్ల బాధా లెక్కకు రావాలని ఆ యంత్రంతో ఇరవయ్యేళ్లు కుస్తీ పట్టింది పిచ్చితల్లి.

కాలనీలో వాననీళ్ల పంపుహౌసుకు ఒక ఇల్లు కావాలి. వరసగా అందరూ చేతులు ఆనించారు. ఎనభై ఏడు. తొంభై. ఏనాడూ తాను కాపురం ఉండని ఇంటికి రామలింగేశ్వరరావు గారికి తొంభై మూడు వచ్చింది. చివరగా మైలపల్లి ఎర్రన్న, చేపలు పట్టుకుని బతికిన ముసలాయన.

నాలుగు.

సుభాషిణి కుర్చీలోంచి లేచి దగ్గరకు వచ్చింది. "మళ్లీ చూడు," అంది యంత్రంతో.

"మూడుసార్లు చూశాను. నాలుగే," అంది యంత్రం. "ఆయనకు పోర్టు కింద ఒక ఇల్లు, బీచిరోడ్డు కింద ఒక ఇల్లు పోయాయి. పోవడం అలవాటైపోయింది."

"మరి మిగతావాళ్లకు తొంభై ఎలా వచ్చింది? నటనేనా?"

"నటన కాదు, కోచింగ్. ఆరు నెలలుగా సెంటర్‌లో కూర్చుని, ఇల్లు పోయినట్టు తలుచుకుని ఏడవడం నేర్చుకున్నారు. ఇప్పుడు నిజంగానే బాధపడుతున్నారు."

మనవాళ్లు దేనికి కోచింగ్ పెట్టలేదు గనక! అంత చదువు చదివినావిడకు ఆ ఒక్క సంగతే తట్టలేదు.

సుభాషిణి ఎర్రన్న పక్కన కూలబడింది. "తాతా, ఇంకోసారి చెయ్యి పెట్టు. మీ ఇంటావిడ కాలం చేసింది ఈ ఇంట్లోనేనా? ఆవిణ్ణి తలుచుకో." చెబుతుండగానే తానూ కోచింగే ఇస్తున్నానని తెలిసి ఆవిడకు తనమీద తనకే రోత పుట్టింది.

"అది పోర్టుకిచ్చిన ఇంట్లో పోయిందమ్మా," అన్నాడు ఎర్రన్న. అయినా ఆవిడ మాట కాదనలేక చెయ్యి పెట్టాడు.

మూడు.

కాలనీ అంతా ఊపిరి పీల్చుకుంది. రామలింగేశ్వరరావు గారు మాత్రం ఇంకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు. పాపం, ఆయన బాధా అబద్ధం కాదు.

యంత్రం మాటకు అప్పీలు లేదు. ఆ షరతు పట్టుబట్టి పెట్టించింది సుభాషిణే. ఆర్డరు మీద సంతకం పెడుతుంటే కన్నీళ్లు ఆగలేదు.

"ఊరుకోమ్మా," అన్నాడు ఎర్రన్న. "ఈపాలి ఎక్కడికి పంపుతారేటి?"

"కొండ అవతల కొత్త కాలనీకి, తాతా."

ముసలాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"అక్కడ మీటింగు ఎప్పుడు పెడతారో కనుక్కుని సెప్పమ్మా. అది అయ్యేదాకా గోడకి మేకు కొట్టను."