ఏడు బెజ్జాల పెట్టె

"ఈ ఏడు బెజ్జాలు ఎవరు పెట్టిన్రు?"

జనగామ బస్టాండు పక్కనున్న పార్సిల్ ఆఫీసులో, థర్మకోల్ పెట్టెను రెండు చేతులా పట్టుకుని షిఫా అరిచింది. కౌంటర్ వెనక అబ్రార్ మాత్రం, మెచ్చుకుంటుందేమోనని ఆశగా చూస్తున్నాడు.

"నేనే మేడం, స్క్రూడ్రైవర్‌తోని. పెట్టె మీద రాబిట్ అని రాసున్నది గదా! పాపం, గాలాడక సచ్చిపోతదని పరేషానైన."

"రాబిట్టా?"

"గోబీ ఆకు గూడ దూర్చిన. కింద నీళ్లు కారుతుంటే ఉచ్చ పోసిందనుకున్న."

"యా అల్లా! అది ఐసు కరిగిన నీళ్లు!"

షిఫా మూత తీసింది. కుందేలు కాదు కదా, దాని వెంట్రుక కూడా లేదు. బొటనవేలంత సీసా ఒకటి, వాడిపోయిన క్యాబేజీ ఆకు ఒకటి. అప్పుడు అబ్రార్ ముఖం చూడాలి!

"గిది యాంటీబాడీ. కుందేలు రక్తంలకెళ్లి తీస్తరు, గందుకే ఆ పేరు," అంటూ ఆమె స్టూలు మీద కూలబడింది. షిఫాది మహబూబాబాద్. ఇక్కడి కాలేజీ ల్యాబులో పురుగుమందుల మీద పరిశోధన చేస్తోంది. "నరాల నడుమ కబురు మోసే రసాయనం ఉంటది. దాని పనైనంక విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంటది. పురుగుమందు ఆ ఎంజైమ్ మీదనే పడ్తది. పత్తికి మందు కొట్టే రైతుల రక్తంల ఆ ఎంజైమ్‌ను చూపిచ్చేది ఈ సీసనే. చల్లగ లేకుంటే పాడైతది."

"ఇంకోటి తెప్పిద్దాం మేడం."

"రెండు నెల్లు పడ్తది. అప్పటికి మందు కొట్టుడే ఐపోతది. ఏడాది పని మట్టిల కలిసినట్టే."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అబ్రార్ ప్రాణం ఉసూరుమంది. ఆ కళ్లు ఎంత బాగున్నాయో సరిగ్గా అప్పుడే గమనించడం అతని ఖర్మ.

"పాడైందో లేదో ఎట్ల తెలుస్తది?"

"మందు ముట్టని మనిషి రక్తం పెట్టి చూడాలె. కంప్యూటర్ల నల్ల గీత పడితే సీసల మందు బాగున్నట్టు."

"నాది తీస్కోండి!" అన్నాడు, సూదంటే చచ్చేంత భయమున్న ఆ మొనగాడు.

ల్యాబులో కుర్చీ ఎక్కగానే గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

"ఐపోయిందా?"

"ఇంకా దూది గూడ పెట్టలే!"

అంత దిగులులోనూ షిఫా కిసుక్కున నవ్వేసింది.

ఫలితానికి రెండు రోజులు పడుతుందట. ఆ రెండు రోజులూ అబ్రార్ పూటకోసారి చాయ్ పట్టుకుని క్షమాపణ చెప్పడానికి వెళ్లాడు. రెండో చాయ్‌కే ఆమె క్షమించేసింది. అయినా చాయ్ ఆగలేదు, ఆమె వద్దనలేదు.

మూడో రోజు జోరు వాన. అబ్రార్ తడిసి ముద్దై వచ్చేసరికి షిఫా కంప్యూటర్ ముందు గోళ్లు కొరుకుతోంది. తెర మీద ముందు ఏమీ లేదు. తరువాత లేత మసక. ఆ తరువాత, కాటుక దిద్దినట్టు నల్లటి గీత!

"పడ్డది!" షిఫా ఎగిరి గంతేసి అతని చెయ్యి పట్టుకుంది. చూసుకుని వదలబోయింది. అతను వదల్లేదు.

"షిఫా, నువ్వంటే నాకు శానా ఇష్టం. గీత పడకుంటే ఈ మాట చెప్పే మొఖమే లేకుండె నాకు."

ఆమె బుగ్గలు కందిపోయాయి. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"పడకున్నా చెప్పాలె గదా!"

"చెప్తే ఏమంటుంటివి?"

"నాలుగు తిట్లు తిట్టి ఒప్పుకుంటుంటి. గీత పడ్డది గాబట్టి తిట్లు తప్పినయ్, పో!"