పొడిగా బిగించిన ముడి

చినత్సు మూడో ముడి దగ్గరికి వచ్చేసరికి తన క్లాసు పిల్ల రిత్సుక వచ్చేసింది. వసారా స్తంభాన్ని ఒక చేత్తో పట్టుకుని, ఒంటిచక్రం సైకిల్ మీద ముందుకీ వెనక్కీ ఊగుతోంది.

"ఇంకా అవలేదా చినత్సూ? చీకటి పడితే మా అమ్మ ఊరుకోదు."

"అయిపోతోంది," అంది చినత్సు తల ఎత్తకుండా.

ఆమె ముందు చాప మీద ఆరు నైలాన్ దారం చుట్టలు ఉన్నాయి. ఒకదానికంటే ఒకటి సన్నం. లావు దారానికి కాస్త సన్నది, దానికి ఇంకాస్త సన్నది కలుపుకుంటూ పోతే చివరికి వెంట్రుకంత కొస మిగులుతుంది. ఆ కొసకి ఈకతో చేసిన పురుగును కడతారు. కొండ ఏటిలోని ఇవానా చేపలకు చూపు ఎక్కువ. నీళ్ల మీద లావు దారం కనిపించిందంటే రాళ్ల కిందకి దూరిపోతాయి. అందుకని గాలానికి ఈ కొసదారం ఉండాలి. ఆరు ముక్కలు, అయిదు ముడులు.

యాభై ఏళ్లుగా తాతయ్య తన కొసదారం తనే కట్టుకునేవాడు. రెండేళ్ల కిందట చూపు మందగించింది. అప్పుడు చినత్సుకి నేర్పాడు. రెండు కొసలూ పక్కపక్కన పెట్టాలి. అటు అయిదు మెలికలు, ఇటు అయిదు మెలికలు తిప్పాలి. కొసలు మధ్య సందులో దూర్చాలి. తర్వాత ముడిని నోట్లో పెట్టుకుని తడిపి, మెల్లగా బిగించాలి. పొడిగా లాగితే దారం రాసుకుని వేడెక్కి తనను తానే కాల్చుకుంటుందని తాతయ్య ప్రతిసారీ చెప్పేవాడు. చివర్లో రెండు చేతులతో గట్టిగా లాగి చూడాలి.

ఆ నోట్లో పెట్టుకోవడం దగ్గరే చిక్కొచ్చింది. పోయిన వారం అది రిత్సుక చూసింది. మర్నాడు క్లాసంతా "ఉమ్మి దారం, ఉమ్మి దారం" అని ఒకటే నవ్వు.

ఇప్పుడు రిత్సుక ఎదురుగానే ఉంది. చినత్సు మూడో ముడిని పొడిగానే లాగేసింది. నైలాన్ కీచుమంది. నాలుగోదీ అంతే, అయిదోదీ అంతే. చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నాయి. లాగి చూడకుండానే దారాన్ని చుట్టచుట్టి తాతయ్య టోపీలో పడేసి, తన సైకిల్ తీసుకుని పరుగెత్తింది.

మర్నాడు ఆదివారం. తాతయ్య తెల్లవారుతూనే ఏటికి బయలుదేరాడు. అమ్మ ఆయన సంచీకి ఎలుగుబంటి గంట కట్టింది. అది గణగణమంటూ ఉంటే ఎలుగులు దగ్గరికి రావు. అయినా అమ్మకి నమ్మకం చాలదు. రాళ్లు జారతాయని, పైన వాన పడితే ఏరు ఉన్నట్టుండి పొంగుతుందని, ఫోన్ తడవకుండా పెట్టుకోమని గేటు దాకా చెబుతూనే ఉంది. తాతయ్య అన్నింటికీ సరేనన్నాడు. ఏటి ఒడ్డుకు చేరగానే టోపీ తీసి, నీళ్లకు ఒకసారి వంగి దణ్ణం పెట్టడం ఆయన అలవాటు. దిగేముందు ఒకసారి, వచ్చేముందు ఒకసారి.

ఆయన పదింటికల్లా తిరిగొచ్చేశాడు. ఇంత త్వరగా ఎప్పుడూ రాడు. అమ్మ చేతిలో గిన్నె అలాగే పట్టుకుని పరుగెత్తి, ఆయన మోకాళ్లూ మోచేతులూ తడిమి చూసింది. దెబ్బలేం లేవు.

వంతెన కింద పెద్ద రాయి పక్కన ఒక ఇవానా ఉంది. మంచు కరిగినప్పటినుంచీ తాతయ్య దాన్ని చూస్తున్నాడు. ఇవాళ అది ఈక పురుగును అందుకుంది. ఆయన గాలం గెడ ఎత్తాడు. అంతలోనే దారం తెగి, చేతిలో బరువు పోయింది.

"మరీ జోరుగా ఎత్తేశాను," అన్నాడు తాతయ్య. "దారం తప్పేం లేదు, నా మనవరాలు కట్టింది. చెయ్యే ముసలిదైపోయింది. ఇక చాలు."

ఏటిలో చేపల వేటని మార్చి దాకా మూసేయడానికి ఇంకా వారం ఉంది. అయినా ఆయన గెడను తుడిచి, గుడ్డ సంచిలో పెట్టి, అటక మీదకి ఎక్కించేశాడు. రిత్సుక వాళ్ల నాన్నకి ఇచ్చేస్తానన్నాడు.

అమ్మ మొహం విప్పారింది. "మంచి పని చేశావు నాన్నా. ఇక ఆదివారాలు నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చోనక్కర్లేదు." గంటను విప్పి సొరుగులో దాచింది. ఆ పూట మిసో చారులో పుట్టగొడుగులు రెట్టింపు వేసింది.

చినత్సు తన చారు గిన్నెను పక్కకి జరిపేసింది.

భోజనాలయ్యాక వెళ్లి టోపీలో దారం తీసి చూసింది. మూడో ముడి దగ్గర తెగింది. తెగినచోట దారం తెల్లబడి, గరుకుగా ఉంది. తాతయ్య కళ్లకి అది కనిపించదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పైగా అమ్మ ఇంత సంతోషంగా ఎప్పుడుంది?

వసారాలో తాతయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, వేళ్లు మూస్తూ తెరుస్తూ దానివైపే చూస్తున్నాడు. తన చెయ్యిని కాదు, ఎవరో కొత్తవాళ్లని చూస్తున్నట్టు.

చినత్సు వెళ్లి ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"తాతయ్యా, తప్పు నీ చేతిది కాదు. నేను తడపలేదు."

లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

"ఎన్ని ముడులు?" అన్నాడు తాతయ్య.

"మూడు. రిత్సుక చూస్తోందని సిగ్గేసింది. లాగి కూడా చూడలేదు."

"నేను పొద్దుటినుంచీ ఈ చేతిని తిట్టుకుంటున్నానే."

చినత్సు తల వంచుకుంది. కన్నీళ్లు చాప మీద పడ్డాయి. తాతయ్య అదే చేతిని ఆమె తల మీద పెట్టాడు. అది కొంచెం కూడా వణకడం లేదు.

"నా చెయ్యి నాకు తిరిగిచ్చావు తల్లీ. చాలా సంతోషం."

అమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. కొండ వైపు చూసింది, తండ్రి చేతి వైపు చూసింది. లోపలికి వెళ్లి, సొరుగులోంచి గంట తీసి, తలుపు పక్కన మేకుకి తగిలించింది.

శనివారం సాయంత్రం చినత్సు మళ్లీ చుట్టలు ముందేసుకుని కూర్చుంది. రిత్సుక మళ్లీ స్తంభం పట్టుకుని ఊగుతోంది. ఈసారి చినత్సు అటు తిరగలేదు, ఇటు తిరగలేదు. ముడిని నోట్లో పెట్టుకుంది.

"ఛీ, మళ్లీ ఉమ్మి దారమేనా?"

నోట్లో ముడి ఉండగా జవాబు ఎలా చెబుతుంది? తడిపి, మెల్లగా బిగించింది. తర్వాత దారం రెండు కొసలూ రిత్సుక చేతిలో పెట్టింది. "లాగు."

రిత్సుక సైకిల్ దిగి లాగింది. పళ్లు బిగబట్టి ఇంకా గట్టిగా లాగింది. "ఇదేమిటే, తెగి చావదు," అంది అరచేతులు రుద్దుకుంటూ.

"ఇంకో రెండు ముడులున్నాయి. ఉంటావా?"

రిత్సుక సైకిల్‌ని స్తంభానికి ఆనించి, వచ్చి పక్కన కూర్చుంది.

ఆదివారం వేటకి ఆఖరి రోజు. పొద్దుటినుంచీ మబ్బుగానే ఉంది. పదయింది, పదకొండయింది. అమ్మ గేటు దగ్గరికి పదిసార్లు వెళ్లొచ్చింది. చివరికి చినత్సు కూడా వెళ్లి ఆమె పక్కన నిలబడింది. అమ్మ చెయ్యి చల్లగా ఉంది.

అప్పుడు మలుపు అవతల గణగణమని గంట వినిపించింది. అమ్మ ఒక్క పెద్ద ఊపిరి వదిలింది.

తాతయ్య చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. బుట్ట ఖాళీ.

"దొరకలేదా?" అంది చినత్సు భయంగా.

"దొరికింది. ఇదిగో, ఈ చేతికి దొరికింది. చెయ్యి తడుపుకుని పట్టుకుని, మళ్లీ నీళ్లలోకి వదిలేశాను. మార్చిలో మళ్లీ చూసుకుంటాం అదీ నేనూ."

టోపీ చుట్టూ చుట్టిన కొసదారాన్ని విప్పి చినత్సుకి ఇచ్చాడు. ఆమె వేళ్లతో తడిమి లెక్కపెట్టింది. అయిదు ముడులూ ఉన్నాయి.

తాతయ్య టోపీని గుండెకి ఆనించుకుని, ఏటికి వంగినట్టే, నడుం వంచి దణ్ణం పెట్టాడు.

ఎవరికా అని చినత్సు వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.