నురగను చంపిందెవరు?

"నువ్వు తిప్పుతావా, నన్ను తిప్పమంటావా?" అన్నాడు పెద్దాయన.

"మీరెందుకు పెదనాన్నా? పెంచింది నేను. పారబోసేదీ నేనే."

ఆమె ట్యాంకు వాల్వు తిప్పేసింది. చలికాలం కోసం కంటికి రెప్పలా కాపాడుకున్న తేనెరంగు ఏల్ బీరు బుస్సుమంటూ నేలమీదికి దూకింది. సుడులు తిరుగుతూ కాలవలోకి దిగిపోసాగింది.

పెద్దాయన ఆ బ్రూవరీ యజమాని. ఆమె ఆయన తమ్ముడి కూతురు, అక్కడే బీరు కాచే బ్రూవరు. ఇది ఆమె సొంతంగా కాచిన మొదటి ఏల్. నెగ్గితే ఇక్కడే ఉంటుంది. ఓడితే ఎక్కడో పెద్ద కంపెనీలో, సీసాలకు మూతలు బిగించే మెషీను ముందు కూర్చునే ఉద్యోగానికి వెళ్ళిపోతుంది. పెదనాన్నతో ఆమె కాసిన పందెం అది.

ఓడించినవాడు స్తంభం పక్కన నిలబడి, తన బూట్లవైపు చూసుకుంటున్నాడు.

అతన్ని అందరూ 'ముక్కు' అంటారు. అతని ముక్కు సరేనంటే తప్ప బీరు గేటు దాటదు. రుచి చూసి పదికి మార్కులు వెయ్యడం అతని పని. పెద్దాయన, ఆయన భార్య పెద్దమ్మ కూడా మార్కులు వేస్తారు గానీ, తేడా వస్తే అతని మాటే చివరి మాట. ఐదు వస్తే మర్నాడు మళ్ళీ రుచి చూస్తారు. అంతకన్నా తగ్గితే నేరుగా కాలవకే.

ఈ ఉదయం అతను మూడు వేశాడు.

"రంగు బాగుంది. నురగ నిలవలేదు. పూల సబ్బు వాసన వస్తోంది," అని చదివాడు.

"పూల సబ్బా!" ఆమె కళ్ళు నిప్పులు కురిశాయి. "ట్యాంకులో నేనేమైనా స్నానం చేశాననుకున్నారా?"

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకి నవ్వేవాడు. వాళ్ళ పరిచయమే పోట్లాటతో మొదలైంది. చేరిన రోజే ఆమె, "ఈ చలికాలానికి ఒక ఏల్ చేస్తాను," అంటే, అతను తలెత్తకుండా, "ఏల?" అన్నాడు.

"చేశాక చెప్తా ఏలో."

"బీరు కాచేవాళ్ళకి బీరాలు ఎక్కువే."

"ముక్కున్నవాళ్ళకి ముక్కుమీద కోపం ఎక్కువే!"

ఆ రోజు నుంచి ఆమె ఏదో ఒకటి అనకపోతే అతనికి పొద్దు గడిచేది కాదు. ఈ సంగతి బ్రూవరీలో ఆమెకు తప్ప అందరికీ తెలుసు. ఉదయం అతను గ్లాసు ఎత్తగానే పెద్దమ్మ కిసుక్కున నవ్వి, "మన అమ్మాయి ఏల్‌కి ఈయన పదికి పదకొండు వేస్తాడు, చూస్తూ ఉండండి!" అంది.

అక్కడే కొంప మునిగింది. మనసులో ఐదు అనుకున్నాడు. పక్షపాతం అంటారేమోనని మూడు వేశాడు.

ఇప్పుడా మూడు మార్కులూ అతని కాళ్ళ ముందునుంచే పారిపోతున్నాయి. వాటితోపాటు వాసన కూడా లేచింది. వేయించిన బార్లీ, కరిగిన పంచదార, నారింజ తొక్క... అతను ఇంకోసారి గట్టిగా పీల్చాడు.

పూల వాసన ఎక్కడా లేదు!

"ఆపండి!"

ఎవరూ కదల్లేదు. అతనే పరుగెత్తుకెళ్ళి వాల్వు మూసేశాడు. గోడ అరలోని కొత్త గ్లాసు ఒకటి అందుకుని, ట్యాంకు పక్కన రుచికోసం ఉన్న చిన్న కుళాయి కింద పట్టాడు. తెల్లటి నురగ గ్లాసు అంచుదాకా లేచి, అలాగే నిలబడింది. ఒక గుక్క తాగాడు.

"ఇప్పుడెన్ని మార్కులు?" అని అడిగింది ఆమె.

"తొమ్మిది," అన్నాడు నీరసంగా.

ఆమె ట్యాంకులో మట్టం చూపే గేజి వైపు చూసింది. అడుగున మోకాలెత్తు మిగిలింది. మిగతాదంతా ఊరి మురుగులో కలిసిపోయింది.

"ఒక్క పూట ఆగకపోయారు కదండీ," అంది. తిట్టినా బాగుండేది అనిపించింది అతనికి.

పెద్దాయన మీసం దువ్వుకున్నాడు. "అంటే ఏల్ మంచిదే. తప్పు గ్లాసుల్లో జరిగింది. ఎవడో గ్లాసులకి ఏదో పూశాడు. వాడెవడో తేలేదాకా ఇక్కడినుంచి ఎవరూ కదలకండి!"

అందరూ టేస్టింగ్ రూములోకి నడిచారు. ఉదయం వాడిన గ్లాసులు బల్లమీద అలాగే ఉన్నాయి. ముక్కు ఒకదాంట్లో కొత్తగా ఏల్ పోశాడు. నురగ పొంగింది, చూస్తుండగానే చప్పగా చచ్చిపోయింది.

"జిడ్డు సార్. గ్లాసుకి వేలిముద్రంత జిడ్డంటినా నురగ బతకదు."

"వీటిని తుడిచిందెవరు?"

"నేనే పెదనాన్నా," అంది ఆమె. "ఇవాళ ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు. ఒక్కో గ్లాసూ నా చేతుల్తోనే తుడిచాను."

అంటూ రెండు చేతులూ చాపింది.

ముక్కు చూపు ఆ వేళ్ళమీద ఆగిపోయింది.

చలి మొదలైనప్పటినుంచీ ఆ చేతులు అతను చూస్తూనే ఉన్నాడు. చన్నీళ్ళు, ట్యాంకులు కడిగే మందు, మళ్ళీ చన్నీళ్ళు. వేళ్ళన్నీ పగిలి నెత్తురు కారేవి. ఇప్పుడా పగుళ్ళు మానాయి. వేళ్ళు నున్నగా మెరుస్తున్నాయి. ఆ వేళ్ళనుంచి సన్నగా పూల వాసన వస్తోంది.

"చేతులకేం రాశావే?" అంది పెద్దమ్మ, వంగి వాసన చూసి.

"క్రీము పెద్దమ్మా. పదిహేను రోజుల కిందట నా బల్లమీద డబ్బా పెట్టి ఉంది. పేరూ ఊరూ లేదు. నువ్వే పెట్టావనుకున్నా మొదట."

"నాకెక్కడిదే? నా చేతులకే దిక్కులేదు!"

"మరి టేస్టింగ్ రోజున క్రీము రాసుకుంటారా ఎవరైనా?" పెద్దాయన కస్సుమన్నాడు. "బ్రూవరువి, ఆ మాత్రం తెలీదా?"

"తెలుసు పెదనాన్నా. పని వేళల్లో ముట్టుకునేదాన్ని కాదు, రాత్రిపూటే రాసుకునేదాన్ని. ఇవాళ భయమేసింది. నా చేతుల గురించి పట్టించుకునేవాళ్ళు ఇక్కడొకరున్నారు కదా అని, ధైర్యం కోసం కాస్త రాసుకున్నా. కడిగేస్తే పోతుందనుకున్నా." తల వంచుకుంది. "తప్పు నాదే. పందెం ప్రకారం వెళ్ళిపోతాను."

ముక్కు ఒక అడుగు ముందుకు వేశాడు. నోరు మూసుకుంటే తన గుట్టు దాగుతుంది. ఆమె మాత్రం వెళ్ళిపోతుంది, ఇంకొకరి తప్పు నెత్తిన వేసుకుని.

"ఎవరనుకున్నారు?" అని అడిగాడు. "ఆ డబ్బా పెట్టింది."

ఆమె అతనివైపు నేరుగా చూసింది. "ఒకరనుకున్నాను. అయి ఉంటే బాగుండుననుకున్నాను. ఉదయం మూడు మార్కులు చూశాక, ఆయన కాదని తేల్చుకున్నాను."

డబ్బామీద తన పేరొక్కటి రాసి ఉంటే చాలు, అనుకున్నాడు అతను. రాసుంటే ఆమె అడిగేది, టేస్టింగ్ రోజున వద్దని తను చెప్పేవాడు, ఏల్ బతికేది. పేరు చూస్తే తిరిగిచ్చేస్తుందేమోనని జంకాడు. పిరికితనం ఆమె ఏల్‌ని రెండుసార్లు చంపింది. ఒకసారి పేరు దాచి, ఇంకోసారి మార్కులు కోసి.

"నేను," అన్నాడు.

"ఏంటీ?" పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. అవతలి హాల్లో సీసాలు కడిగే మెషీను హోరెత్తుతోంది. "దొంగెవడో చెప్పమంటే గొణుగుతావేంటయ్యా?"

"అయ్యో రాత! ఇంకా దొంగంటారేమిటండీ," అని పెద్దమ్మ ఆయన మోచెయ్యి పొడిచింది. అంతా అర్థమైపోయి ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"ఉండు నువ్వు. ట్యాంకెడు ఏల్ పోయిందక్కడ! వాడి నోటితోనే వినాలి."

ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళ వెనక కోపముందో, ఇంకేముందో అతనికి తెలియలేదు. చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"గట్టిగా చెప్పు," అంది. అతన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి. "ఈసారైనా గట్టిగా చెప్పు."

అతను గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"నేనే సార్! మీ అమ్మాయి చేతులు చూడలేక, పేరు రాసే ధైర్యం లేక, ఆ డబ్బా పెట్టింది నేనే!"